నలభై ఎనిమిది వోల్టుల భాగ్యం

మన దేశంలో ముసలివాళ్ళు వెనకబడిపోవడానికి అసలు కారణం ఏమిటో మీకు తెలుసా? మోకాళ్ళు కాదు. కళ్ళజోడు కాదు. కోడళ్ళు అంతకన్నా కాదు. వోల్టులు చాలకపోవడం!

నవ్వకండి. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి వోల్టుల గొడవ ఎందుకని అడగబోతున్నారు. నాకు తెలిసినంత మా కాంప్లెక్సులో సగంమంది ఇంజినీర్లకు తెలియదు. బెంగాలీవాళ్ళ ఊళ్ళో, ఓడరేవు పక్కన ఏక్‌బాల్‌పూర్ సందులో నలభై ఏళ్ళు వీధి కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డదాన్ని నేను. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది వేరు, ఎంత తోపుతో వస్తున్నాయన్నది వేరు. ఆ తోపే వోల్టు. తోపు లేని కుళాయి కింద బిందె పెడితే ఏమవుతుంది? అది నిండేలోపు నాలుగు కుటుంబాల కథలు తెలిసిపోతాయి. తక్కువ వోల్టుల వల్ల లోకానికి ఎంత నష్టమో చూశారా!

అందుకే మా కాంప్లెక్సు కమిటీవారు మా పాత బ్యాటరీ బండిని ముప్పై ఆరు వోల్టుల నుంచి నలభై ఎనిమిదికి పెంచినప్పుడు, నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. నిజానికి ఎత్తింది దండానికి కాదు, పైనున్న కడ్డీ పట్టుకోవడానికి. కానీ చూసేవాళ్ళకు దండంలాగే ఉంటుంది కదా!

ముందు బండి సంగతి చెప్పాలి. మాది బడ్జ్ బడ్జ్ వెళ్ళే రోడ్డు పక్కన, పాత జూట్ మిల్లు పడగొట్టి కట్టిన తొమ్మిది టవర్ల కాంప్లెక్సు. మొదటి టవరు గేటు పక్కన. తొమ్మిదో టవరు గంగ ఒడ్డు గోడ పక్కన. మధ్యలో మెలికలు తిరిగిన రోడ్డు, సుమారు ఒక కిలోమీటరు. బిల్డరు దానికి గార్డెన్ డ్రైవ్ అని పేరు పెట్టాడు. నా మోకాళ్ళు దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయదగింది కాదు.

ఆ రోడ్డు మీద ముసలివాళ్ళనూ సంచులనూ మోయడానికి ఒక బండి ఉంది. పెద్దమనుషులు బంతాట ఆడే క్లబ్బులో పాతబడిపోతే మావాళ్ళు తెచ్చుకున్నారు. గోల్ఫ్ కార్ట్ అంటారు. తలుపుల్లేవు. నెత్తిన గొడుగులాంటి కప్పు. ముందు ఇద్దరు, వెనక నలుగురు. సీటు కింద ఆరు బ్యాటరీలు, ఒక్కోటి ఆరు వోల్టులు. ఆరార్లు ముప్పై ఆరు. ఆ మాత్రం ఎక్కం నాకూ వచ్చు.

తోలేవాడు గురువులు. ఓడరేవు డాకులో క్రేను నడిపి రిటైరైనవాడు. మా శ్రీకాకుళం మనిషే. నన్ను అక్కా అన్నట్టు "అప్పా" అంటాడు, నేను "ఒరే" అంటాను. ఎనిమిదేళ్ళుగా ఆ బండి అతనిదే.

ఆ ముప్పై ఆరు వోల్టుల కాలంలో మేం పడ్డ కష్టాలు పగవాళ్ళకు కూడా వద్దు! గేటు నుంచి తొమ్మిదో టవరుకు పద్నాలుగు నిమిషాలు! మూడో టవరు నల్లకుక్క మా పక్కనే నడుస్తూ వచ్చి, విసుగు పుట్టి ముందుకు వెళ్ళి, మలుపు దగ్గర మా కోసం కూర్చునేది. అయిదో టవరు హల్దార్ బాబు గేటు దగ్గర బెంగాలీ పేపరు విప్పేవాడు. మొదటి పేజీ నుంచి చనిపోయినవాళ్ళ ఫొటోల దాకా పూర్తిచేసి, వాళ్ళలో తనకు తెలిసినవాళ్ళ గుణగణాలు మాకు వివరించి, అప్పుడు దిగేవాడు. ఎంత కాలం వృథా!

నా సంగతి ఇంకా ఘోరం. నాకు అమ్మన్నమ్మ ఉంది.

అమ్మన్నమ్మ అంటే ఎవరనుకున్నారు? ఏక్‌బాల్‌పూర్‌లో నా గోడ అవతలి మనిషి. మా ఇద్దరి మగవాళ్ళూ ఒకే జెట్టీలో సరుకు దించారు. మా ఇద్దరి పిల్లలూ ఒకే గుమ్మంలో పడి మూతులు పగలగొట్టుకున్నారు. పెద్దయ్యాక మా అబ్బాయీ, వాళ్ళ మురళీమోహనూ కలిసి ఇదే కాంప్లెక్సులో ఫ్లాట్లు తీసుకున్నారు. బంగారంలాంటి ఆలోచన! తను మొదటి టవరు, నేను తొమ్మిదో టవరు. నలభై ఏళ్ళు గోడ అవతల ఉన్న మనిషి, కిలోమీటరు అవతలికి వెళ్ళింది.

అయితే ఏం? బండి ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి నేను బండెక్కి గేటుకు వెళ్ళి కొత్తిమీర కట్ట కొనేదాన్ని. అక్కడ అమ్మన్నమ్మ ఎక్కేది. ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ తొమ్మిదో టవరుకు వచ్చేవాళ్ళం. నన్ను దింపి, తిరుగు బండిలో తను వెళ్ళిపోయేది. రోజుకో కట్ట చొప్పున మా ఫ్రిజ్‌లో కొత్తిమీర అడవి పెరిగింది. మా మనవరాలు అమూల్య "మామ్మా, మనం మేకల్ని పెంచుతున్నామా?" అని అడిగింది. పిల్లలకు ఏం తెలుస్తుంది!

ఇంటికే వెళ్ళి మాట్లాడుకోవచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు. వెళ్తే వాళ్ళ కోడలు సుజన ఎంతో మంచిది కాబట్టి టీ పెడుతుంది, బిస్కెట్లు పెడుతుంది, ఇంకా మంచిది కాబట్టి మా పక్కనే కూర్చుంటుంది. అలా కూర్చుంటే మేం మోకాళ్ళ గురించి తప్ప ఏం మాట్లాడగలం? ఫోన్‌లోనా? అమ్మన్నకు ఫోన్‌లో వినపడదు. నేను "తిన్నావా" అంటే తను "ఎవరు పోయారు?" అంటుంది. బండిలో అయితే ఒక చెవి దగ్గర నేను, ఎదురుగా గురువులు వీపు. వీపుకు చెవులుండవు.

ఇలా మేం రోజుకు పద్నాలుగు నిమిషాలు నాశనం చేస్తుండగా, మా సెక్రటరీ సోమశేఖర్ గారికి మా మీద జాలి కలిగింది. ఆయన బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. విజయవాడ వైపువారు. రిటైరయ్యాక ఆయనకు కాలం విలువ తెలిసింది. ఆయన కాలం ఖాళీగానే ఉంది కాబట్టి మా కాలం ఆదా చేయడానికి పూనుకున్నారు.

"పిన్నిగారూ, పెద్దవాళ్ళు అంతసేపు ఎండలో కూర్చోవడం నేను చూడలేకపోతున్నాను" అన్నారు.

నీడలోనే కూర్చుంటాం. ఆ బండికి కప్పు ఉంది. కానీ సెక్రటరీ చూడలేకపోతున్నప్పుడు మనం ఎండలోనే ఉన్నట్టు లెక్క.

ఆగస్టులో ఏక్‌బాల్‌పూర్ నుంచి యోగేశ్ అనే మిస్త్రీ వచ్చాడు. టోటోలనే బ్యాటరీ రిక్షాలు బాగుచేసేవాడు. ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరూ పీకేసి, అవే గూళ్ళలో ఎనిమిది వోల్టులవి ఆరు దింపాడు. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. అంతటితో అయిపోయిందనుకున్నాం. కాలేదు. మోటారు మార్చాడు. కంట్రోలర్ అనే డబ్బా మార్చాడు. చార్జరు మార్చాడు. చిటికెన వేలంత వైర్లు తీసి బొటనవేలంతవి వేశాడు.

"ఇవన్నీ ఎందుకు మార్చాలి బాబూ? బాగానే ఉన్నాయి కదా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"మాసీ, ముప్పై ఆరుకు అలవాటుపడిన సామానుకు నలభై ఎనిమిది ఇస్తే మాడిపోతుంది" అన్నాడు.

పక్కనే నిలబడి వింటున్న గురువులు బిక్కమొహం వేశాడు. "అయితే అప్పా, నన్నూ మారస్తారేటి?" అన్నాడు.

మార్చలేదు. గురువుల్నీ మార్చలేదు, ఎక్కే మమ్మల్నీ మార్చలేదు. ఈ విషయం మాత్రం కొంచెం గుర్తుపెట్టుకోండి. వైర్ల గురించి అంత శ్రద్ధ తీసుకున్న యోగేశ్ మా వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

ఇక ఆగస్టు ఇరవై రెండో తారీఖు, ఆ శుభదినం!

ఆ రోజు బండి గేటు దగ్గరే మొదలు కాబట్టి మా అబ్బాయి కారులో వచ్చి, నేను గేటు దగ్గర కొత్తిమీర కట్టతో బండిలో కూర్చున్నాను. పక్కన అమ్మన్నమ్మ. బండి మెరుస్తోంది. నేను సరదాగా, ఎప్పుడూ అనే మాటే అన్నాను: "ఓలే అమ్మన్నా, మా ఆయనే ఉంటే ఈ బండిని కూడా షాలిమార్‌లో పోగొట్టీసి వొచ్చీవోడే."

దీని వెనక ఒక గంగాళం ఉంది. రాగి గంగాళం. పెళ్ళిలో మా అమ్మ నా పేరు చెక్కించి ఇచ్చింది. నేను కాపరానికి వచ్చిన ఏడు, ఆముదాలవలసలో సామానుతో పాటు దాన్నీ గూడ్సులో వేస్తే షాలిమార్ యార్డుకు చేరింది. మా ఆయన వెళ్ళి సామానంతా తెచ్చాడు. గంగాళం తప్ప! "షాలిమార్‌లో పోయింది" అన్నాడు. ఎలా పోయిందంటే చెప్పడు. ఇద్దరు మనుషులు మోసే గంగాళం జేబులోంచి జారిపోతుందా? ఆ రోజు మొదలుపెట్టి, ఆరేళ్ళ క్రితం ఆయన పోయేదాకా, ఇంట్లో సూది కనపడకపోయినా "షాలిమార్‌లో చూడండి" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. యాభైమూడేళ్ళుగా ఆ మాటకు అమ్మన్నమ్మ కూడా నవ్వుతూనే ఉంది.

ఆ రోజు నవ్వలేదు.

నా చెయ్యి పట్టుకుంది. "ఇక ఊరుకోయే సువర్ణా" అంది. "ఇంకెన్నాళ్ళంటావు ఆ మనిషిని? ఆ గంగాళం షాలిమార్‌లో పోనేదే. ఆ రోజు నానే..."

అప్పుడు గురువులు పెడల్ తొక్కాడు.

గురువులు సంగతి మీకు సగమే చెప్పాను. పాత బండి కదలాలంటే పెడల్‌ను పూర్తిగా నేలకు తొక్కిపెట్టాలి. ఎనిమిదేళ్ళు ఆ కాలికి తెలిసింది ఒకటే విద్య, నేల తగిలేదాకా తొక్కడం. కొత్త బండిలో అలా తొక్కితే ఏమవుతుంది? మొదటి టవరు, రెండో టవరు, మూడో టవరు అనే తేడాలు పోతాయి! అన్నీ కలిసి ఒకే గోడలా కనపడతాయి. నాలుగో టవరు స్పీడ్ బ్రేకర్ దగ్గర మేమిద్దరం సీటుకూ కప్పుకూ మధ్య కాసేపు ఉన్నాం. నా కొత్తిమీర గంగ వైపు వెళ్ళింది. అమ్మన్నమ్మ ఎడమ చెప్పు ఆరో టవరు పూలకుండీలో దొరికింది, అదీ మర్నాడు. "నానే" తర్వాత రావలసిన మాట ఎటు ఎగిరిపోయిందో ఇప్పటికీ తెలియదు.

"ఏటిరా గురువులూ, బండి తోల్తన్నావా, బాణం ఏస్తన్నావా?" అని అరిచాను, ఊపిరి వచ్చాక.

"ఏటి సెయ్యమంటావప్పా? కాలికి నేల తగల్నేకపోతే బండి కదిల్నట్టే ఉండదు నాకు!" అన్నాడు.

మూడు నిమిషాల్లో తొమ్మిదో టవరు. అమ్మన్నమ్మ నన్ను దింపి, అదే బాణం మీద వెనక్కి వెళ్ళింది. మొదటి టవరు కింద మురళీమోహన్ ఆఫీసుకు బయల్దేరుతూ తల్లిని చూశాడు. ఒక కాలికే చెప్పు, చేతులు కడ్డీకి అతుక్కుపోయి ఉన్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి దింపాడు. "అమ్మా, రేపట్నుంచి నువ్వు బండెక్కొద్దు" అన్నాడు. తప్పేముంది? ఎవరి తల్లి వాళ్ళకు ముద్దు.

ఇప్పుడు నలభై ఎనిమిది వోల్టుల వల్ల కలిగిన లాభాలు మనవి చేస్తాను. పక్షపాతం లేకుండా చదవండి.

ముందుగా భక్తి. పాత బండిలో అందరం పక్కవాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు దేవుడి గురించి తప్ప ఎవరి గురించీ ఎవరూ మాట్లాడరు. హల్దార్ బాబు యాభై ఏళ్ళుగా దేవుడు లేడని వాదిస్తున్న మనిషి. రెండో మలుపులో "మా గో!" అని ఆయన దుర్గమ్మను పిలిచిన పిలుపు విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏ స్వాములవారు సాధించగలరండీ ఇంతటి పని?

వంట కూడా తేలికైంది. గేటు బయట కొట్టులో మిష్టి దొయి అనే తీపి పెరుగు కుండ కొని బండెక్కితే, దిగేటప్పటికి అది లస్సీ. కవ్వం అవసరం లేదు! తడి చీర కట్టుకుని ఎక్కితే పొడి చీరతో దిగొచ్చు. ఆరబెట్టే మిషన్లు ఎందుకు దండగ? ఏడో టవరులో ఒకావిడ సంచిలోని ఇలిష్ చేప స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరింది చూడండీ, గంగలో ఉన్నప్పుడు కూడా అంత ఎత్తు ఎగిరి ఉండదు!

జ్ఞానం సంగతి? హల్దార్ బాబు ఇప్పుడు పేపర్లో పెద్దక్షరాలు మాత్రమే చదవగలుగుతున్నాడు. అందువల్ల ఎవరు పోయారో తెలియక చాలా ఆరోగ్యంగా ఉన్నాడు. నల్లకుక్కకు క్రమశిక్షణ వచ్చింది. మా బండి చప్పుడు వింటే చాలు, మర్యాదగా గోడెక్కి నిలబడుతోంది.

అన్నిటికన్నా గొప్పది కాలం ఆదా. రానూపోనూ ఇరవై రెండు నిమిషాలు! అమూల్య ఫోన్‌లో లెక్కగట్టి ఏడాదికి అయిదున్నర రోజులని తేల్చింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఊరికే అయిదున్నర రోజులు ఎవరిస్తారండీ? ఒక్కటే చిన్న ఇబ్బంది. అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. గేటు దగ్గరికి ముందే చేరిపోయి, కొత్తిమీర అమ్మేవాడు తన పాత వోల్టుల మీద తాను వచ్చేదాకా, ఆదా చేసిన కాలాన్ని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటున్నాను.

అమ్మన్నమ్మకైతే నాకన్నా ఎక్కువ ఆదా. తను ప్రయాణం మొత్తం ఆదా చేసింది.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. సుజన టీ పెట్టి మా మధ్య కూర్చుంది. అమ్మన్నమ్మ నా వంక చూస్తుంది, నేను తన వంక చూస్తాను. ఇద్దరం కలిసి బిస్కెట్ల వంక చూస్తాం. "మోకాళ్ళు ఎలాగున్నాయే?" అన్నాను. "అలాగే ఉన్నాయి" అంది. గంగాళం మా ఇద్దరి మధ్యా టీపాయ్ మీద కూర్చున్నట్టే ఉంది, సుజనకు తప్ప అందరికీ కనపడుతూ. లేచి వచ్చేశాను.

ఇలా ఇరవై ఆరు రోజులు. 'నానే' అంటే ఏమిటి? నానే చూశానా? నానే తీశానా? యాభైమూడేళ్ళు నేను దొంగను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఉన్న మనిషిని అన్నానా? డెబ్బై మూడేళ్ళ మనిషి తను. చెప్పకుండా ఏమైనా అయితే? లేక నాకే ఏమైనా అయితే? రోజూ కొత్తిమీర కొంటూనే ఉన్నాను. మొదటి టవరు కిటికీలో తను కూర్చుని ఉంటుంది. చెయ్యి ఎత్తుతుంది. నేను ఎత్తేలోపు మూడో టవరు వచ్చేస్తుంది.

అయినా నేను కమిటీని ఒక్క మాట అనలేదు. అంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి చేసిన మేలును తప్పుపట్టడానికి నేనెవర్ని?

సెప్టెంబరు పదిహేడు వచ్చింది. విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు ఇనుము అనేది ఏదున్నా దానికి పూజ జరగాల్సిందే. డాకులో క్రేన్లకు దండలు, మిల్లుల్లో యంత్రాలకు బొట్లు. మా కాంప్లెక్సులో లిఫ్టులకు, నీళ్ళ మోటార్లకు, జనరేటరుకు, కొత్త వోల్టుల బండికి. బెంగాలీ పురోహితుడు పాపం ఆ రోజు ఒక్క చోట నిమిషం నిలబడడు. మంత్రం చదివి, పూలు చల్లి, ఆయన నీళ్ళ మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. రెండు చిప్పలూ దేవుడికి. మూడో చిప్ప, ముందురోజు ఇంట్లో ఇంకో కాయ కొట్టి, కొబ్బరంతా కోరి పచ్చడి చేసేసి, శుభ్రంగా గీకి కొంగులో తెచ్చింది. దానికి బొట్టు పెట్టి, పెడల్ కింద బోర్లించి, ఎర్రదారంతో తొమ్మిది చుట్లు చుట్టి కట్టాను. బ్రేకు జోలికి పోలేదు. బ్రేకు దేవుడికన్నా ముఖ్యం.

సోమశేఖర్ గారు వంగి చూశారు. "ఇదేమిటి పిన్నిగారూ?"

"ఆచారం బాబూ. కొత్త బండికి కట్టాల."

"మా వైపు ఇలాంటి ఆచారం లేదే!"

"మీది విజయవాడ. మాది శ్రీకాకుళం."

"ఎన్నాళ్ళుంచాలి?"

"మళ్ళా విశ్వకర్మ పూజొచ్చీదాకా. మజ్జిలో తీస్తే తీసినోడి ఇంటికి మంచిది కాదు."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బ్యాంకులో అంత పెద్ద ఆఫీసరు కూడా, ఎవరింటికి మంచిది కాదో తెలిశాక తొందరపడరు. హల్దార్ బాబు మాత్రం చాలా గట్టిగా మాట్లాడాడు. దేవుడి మీద నమ్మకం లేకపోయినా దీదీ గారి ఆచారాన్ని గౌరవించడం అందరి కర్తవ్యం అన్నాడు. ఆయన పేపరు ఇంకా మడతలోనే ఉంది, చంకలో.

గురువులు ఎక్కాడు. కాలు పెట్టాడు. చిప్ప తగిలేదాకా తొక్కాడు. అతని కాలికి నేల దొరికింది! మొహం చూడాలి, ఇరవై ఆరు రోజుల తర్వాత ఇల్లు చేరినవాడిలా ఉంది. బండి నిమ్మకాయల మీద నుంచి నింపాదిగా దిగి, పెళ్ళికూతురు పీటల మీదికి నడిచినట్టు నడిచింది. గోడమీది నల్లకుక్క కాసేపు నమ్మలేదు. తర్వాత దిగి పక్కన నడవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న మొదటి టవరు కింద మురళీమోహన్ నిలబడి మా బండి రావడం చూశాడు. చాలాసేపు చూశాడు. చూడ్డానికి అంత సమయం దొరికింది మరి.

"పిన్నీ, బండి పాడైందా?" అన్నాడు.

"నేదు బాబూ. నలభై ఎనిమిది వోల్టులు. పూజ కూడా అయ్యింది."

పైన కిటికీలో మనిషి అప్పటికే లేదు. చెప్పులు రెండూ వేసుకుని కింద ఉంది!

ఎక్కాం. రెండో టవరు దాకా తను కొత్తిమీర వాసన చూస్తూ కూర్చుంది. మూడో టవరు దగ్గర మొదలుపెట్టింది.

"ఆ రోజు నానే అడిగినానే, నీళ్ళు కాసుకోడానికి. నాకు నెప్పులొచ్చీసినాయి. సందులో ఎవులింట్లోనూ పెద్ద పాత్ర నేదు. నువ్వు కుళాయి కాడున్నావు. నీ మొగుడు షాలిమార్ నుంచి ఠేలా బండి మీద నీ సామాను తెస్తన్నాడు. నా కేకలిని ఠేలావోడూ తనూ గంగాళం దించి సరాసరి మా గుమ్మంలో ఎట్టీసినారు. మా మురళిగాడికి మొదటి నీళ్ళు అందులోనే పోసినారు."

నాలుగో టవరు. స్పీడ్ బ్రేకర్ ఎక్కాం, దిగాం. మాట చెదరలేదు.

"మరి మళ్ళీ ఇవ్వనేదేటే?"

"పురిటినీళ్ళు కాసిన గంగాళం కొత్త పెళ్ళికూతురింటికి ఎల్లకూడదని మంత్రసాని ఎత్తుకుపోనాది. అది ఆచారమంట."

"అలాంటి ఆచారం ఎక్కడుందే?"

"ఏటో! అది సెప్పినాది, మేం నమ్మినాం."

నేను గురువులు కాలి దగ్గర ఎర్రదారం వంక చూశాను. ఆచారాల గురించి ఎక్కువ మాట్లాడే స్థితిలో నేను లేను. ఆ మంత్రసాని మా జిల్లాదే అయి ఉంటుంది.

"నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడే నీ మొగుడు. కొత్తగా వొచ్చిన పిల్ల, తల్లిచ్చిన గంగాళం, ఏటో అపశకునం అనుకుంటాది, ఆ మాటేదో నానే పడతానన్నాడు. పడ్డాడు. నువ్వు అన్నప్పుడల్లా నా వంక సూసి నవ్వీవోడు. ఆ రోజు నువ్వు మళ్ళీ అన్నావు. నవ్వడానికి ఆయన నేకపోనాడు కదా అనిపించిందే, నవ్వు రానేదు నాకు."

ఏడో టవరు దాటాం. ఎనిమిదో టవరు దాటాం. ముప్పై ఆరు వోల్టుల నడకలో ఉండే ఇంకో సౌకర్యం ఇది, మాట అయిపోయాక కూడా కొంత దారి మిగులుతుంది. ఆ దారిలో నేను ఆయనతో మాట్లాడుకున్నాను. ఏం మాట్లాడానో మీకెందుకు?

గురువులు వీపు మాత్రం కదిలింది. కండువాతో మొహం తుడుచుకున్నాడు. వీపుకు చెవులుంటాయని అప్పుడు తెలిసింది.

తిరుగు బండిలో అమ్మన్నమ్మను పంపేటప్పుడు, మీ మురళికి ఒక మాట చెప్పవే అన్నాను. తనకు మొదటి స్నానం చేయించింది నా గంగాళమే కాబట్టి, వాళ్ళమ్మ బండెక్కే విషయంలో నాకూ కొంత హక్కుందని.

ఇప్పుడు సోమశేఖర్ గారు ఒక కాగితం తెచ్చారు. వోల్టులు పెంచినందుకు పెద్దలందరూ కమిటీకి కృతజ్ఞతలు తెలుపుతున్నారని అందులో ఉంది. గేటుకు మూడే నిమిషాలు అని కూడా ఉంది. ఆయన బండెక్కరు కదా, కారులో వెళ్తారు. మాకు గేటుతో పనేముందని కమిటీలో ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. మా పని గేటు దగ్గర లేదు. మా పని దారిలో ఉంది.

అడగలేదు కాబట్టి చెప్పలేదు. సంతకం పెట్టాను. వంకరగానే అయినా, తెలుగులో, పూర్తి పేరు. గంగాళం మీద ఉన్నట్టే.

ఆయన ఎంతో సంతోషించి, "వచ్చే ఏడాది డెబ్బై రెండు వోల్టులు చేయిద్దామనుకుంటున్నాం పిన్నిగారూ" అన్నారు.

చేయించండి బాబూ! డెబ్బై రెండు కాదు, తొంభై ఆరు చేయించండి! దేశం ముందుకు వెళ్ళాలి. కొబ్బరికాయలు నేను తెస్తాను.